కుచ్చిళ్ళు ముందుకి కట్టిన కిల్టు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఆవిడకి తెలుసు, మా అమ్మాయికి తెలుసు, బుకిట్ బటోక్‌లో మా పక్క ఫ్లాట్ చైనీస్ ఆంటీకి కూడా గోడ అవతలినుంచే తెలుసు. ఆఫీసులో మాత్రం ఎవరికీ తెలియదు. సింగపూర్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ అక్కడ నేను ఒకటే మాట మాట్లాడాను. "ఓకే, నో ప్రాబ్లమ్." శనివారం రమ్మంటే ఓకే. సెలవు కుదరదంటే ఓకే. తమ్ముడి పెళ్ళికి వెళ్ళడానికి వీల్లేదన్నప్పుడు కూడా ఓకే. ఆ కోపమంతా మోసుకొచ్చి ఇంట్లో చెప్పుల స్టాండు మీద చూపించేవాడిని. రెండే రెండుసార్లు ఇంకో మాట అన్నాను. ఆ రెండుసార్లూ నా నడుముకి ఉన్నది స్కాట్లాండ్ మగవాళ్ళు కట్టుకునే గళ్ళ కిల్టు, అదీ చవకది.

సంవత్సరం అంకె మారితే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకం భయపడి, తెనాలి అనకుండా అనంతపురం అనకుండా ప్రోగ్రాములు రాసే మమ్మల్ని ఊడ్చుకొచ్చిన రోజులవి. అంకె మారింది, కంప్యూటర్లు ఆగలేదు. మేము మాత్రం అక్కడే ఉండిపోయాం. పని ఇంకా బోలెడంత ఉందని కొందరనేవారు, రేపో మాపో ఇంటికి పంపించేస్తారని కొందరనేవారు. నేను రెండోవాళ్ళని నమ్మేవాడిని.

అక్కడ ఉండనిచ్చే కార్డుని పాస్ అనేవాళ్ళం. అది మనిషిది కాదు, ఉద్యోగానిది. ఉద్యోగం పోతే నా పాస్ పోతుంది, నాది పోతే మా ఆవిడ పాస్, అమ్మాయి పాస్, బడి, అద్దె ఫ్లాట్, అన్నీ వరసగా పోతాయి. అమ్మాయి రెండో తరగతి. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పేది, దానికి చివర అక్కడివాళ్ళ లాగే ఒక 'లా' తగిలించేది. ఈ పిల్లని మధ్యలో లేపి తెనాలి బడిలో వేస్తే ఏమైపోతుందోనని స్నానం చేస్తూ కూడా ఆలోచించేవాడిని.

ఆ సంవత్సరం నా పాస్ గడువు డిసెంబరు ఆఖరుకి. మా కంపెనీ నన్ను పనికి పంపిన ఆఫీసు జురాంగ్ ఈస్ట్‌లో ఉండేది. అక్కడి హెడ్డు స్కాట్లాండ్ మనిషి. యాభై దాటినవాడు, ఎర్రటి మెడ, గుమ్మం పొట్టిగా కట్టారేమో అన్నట్టు తలొంచుకుని లోపలికొచ్చేవాడు. 'ఈ మనిషి నాకు ఇంకా కావాలి' అని ఆయన ఒక కాగితం మీద సంతకం పెడితే మా కంపెనీ నా పాస్ పొడిగింపుకి దరఖాస్తు పెడుతుంది. పెట్టకపోతే లేదు. నా బతుకంతా ఆ ఒక్క సంతకం దగ్గర వచ్చి ఆగింది. అడగడానికి నోరు రాదు. అడిగితే గుర్తుచేసినట్టవుతుందేమో, గుర్తొస్తే వద్దంటాడేమో అని భయం.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం ఆయన మా వరసలోకి వచ్చి, సంవత్సరాంతపు విందుకి మగవాళ్ళెవరైనా తనతోపాటు కిల్టు కట్టుకుంటారా అని అడిగాడు. చేతిలో ఒక కాగితం, దాని మీద నలుపూ తెలుపూ బొమ్మ. మోకాళ్ళ దాకా గళ్ళ బట్ట చుట్టుకుని, బొడ్డు కింద ఒక తోలు సంచి వేలాడేసుకుని నిలబడ్డ మనిషి.

"అసలైన ఊలు కిల్టు జోలికి ఇప్పుడే పోవద్దు" అన్నాడు. "అది ఎనిమిది గజాల బట్ట. ఒకసారి కుట్టిస్తే జీవితమంతా ఉంటుంది, ఇష్టం కుదరకపోతే జీవితమంతా బీరువాలో ఉంటుంది. ముందు ఇలాంటి చవకది కొనండి. బట్ట తక్కువ, ఊలు కాదు, మిషను కుట్టు. నాలుగుసార్లు కట్టుకుంటే నడుము ఎక్కడో మోకాలు ఎక్కడో అదే నేర్పుతుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను."

ఎవరూ తలెత్తలేదు. నా పక్క సీటులో కడప అబ్బాయి ఉండేవాడు, పనిలో దిట్ట, నోరు అంతకంటే దిట్ట. వాడు కీబోర్డు మీద వేళ్ళు ఆపకుండా, "సామీ, నాకు మోకాళ్ళు సరిగా ల్యావని చెప్పు" అని నాకు మాత్రమే వినబడేట్టు అన్నాడు. నేను వాడివైపు చూసి నవ్వబోయాను. నవ్వు వచ్చేలోపే నోరు తన పని తాను చేసేసింది.

"ఓకే, నో ప్రాబ్లమ్."

ఆయన మొహం వెలిగింది. నా నడుము కొలత అక్కడికక్కడే రాసుకున్నాడు, తనే తెప్పిస్తానన్నాడు. ఆయన వెళ్ళాక కడప అబ్బాయి కుర్చీ తిప్పి నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. "ఏం సామీ, పాస్ కోసరమా?" అన్నాడు. కాదు, సరదాగా ఉంటుందని అన్నాను. వాడు తలూపి మళ్ళీ కీబోర్డు వైపు తిరిగాడు, అదే నాకు ఎక్కువ మండింది.

నిజం చెప్పాలంటే కిల్టు మీద నాకు కొంచెం ఆశ కూడా పుట్టింది. నేను లుంగీ మనిషిని. ఆ ఉక్కలో రోజంతా ప్యాంటు వేసుకుని ఇంటికొస్తే తొడలు ఒరుసుకుపోయి మంటలు పుట్టేవి. లుంగీ కట్టుకున్నాకే నేను మనిషిని. కానీ ఆ లుంగీ మా తలుపు దాటకూడదు. ఒకసారి ఉత్తరాల డబ్బా చూద్దామని లుంగీతోనే కిందికి దిగాను. కింద మా అమ్మాయి స్నేహితురాళ్ళతో ఆడుకుంటోంది. నన్ను చూసి, ఎవరో పరాయి మనిషిని చూసినట్టు మొహం తిప్పేసుకుంది. పైకొచ్చి అరిచాను. అది ఏడ్చింది. నేను ఆ తర్వాత లుంగీతో గడప దాటలేదు. కాబట్టి కాళ్ళకి గాలి తగిలే బట్ట ఒకటి కట్టుకుని, అదీ దొరగారి పక్కన, విందులో నిలబడొచ్చంటే మనసు కొంచెం లాగింది. కానీ ఆ సంతకం గుర్తు రాగానే ఆ ఆశ కూడా నాది కాకుండా పోయేది. ఇష్టంతో ఒప్పుకున్నానా భయంతో ఒప్పుకున్నానా అని నన్ను నేనే అడుక్కుని జవాబు దొరక్క విసుక్కునేవాడిని.

పార్సెల్ నవంబరు ఆఖర్లో వచ్చింది. ప్లాస్టిక్ సంచిలో ముదురు ఆకుపచ్చ, నీలం గళ్ళ బట్ట. ఊలు కాదని పట్టుకుంటేనే తెలిసిపోతోంది. ఒకవైపంతా కుట్టేసిన కుచ్చిళ్ళు, ఒకవైపు సాదా. పక్కన తోలుపట్టీలు, బకిళ్ళు. ఎలా కట్టుకోవాలో చెప్పే చీటీ ఏదీ లేదు. చీటీ ఎందుకు, మా ఇంట్లో బట్ట కట్టుకోవడం ఎవరికి తెలియదు?

మా ఆవిడ దాన్ని దులిపి, అటూ ఇటూ తిప్పి చూసి, కుచ్చిళ్ళు నా బొడ్డు దగ్గరికి తెచ్చి నిలబెట్టింది. పంచెకి కుచ్చిళ్ళు ముందు. చీరకి కుచ్చిళ్ళు ముందు. నాకూ ఆవిడకీ బుద్ధి తెలిసినప్పటినుంచీ కుచ్చిళ్ళు ముందు తప్ప ఇంకోచోట ఉండగా చూడలేదు. లుంగీ కట్టే చోటే, పొట్ట కిందికి దించి, బకిళ్ళు బిగించాం. కింది అంచు పిక్కల దాకా వచ్చింది.

అమ్మాయి సోఫా మీదినుంచి ఆయన నాకిచ్చిన ఆ కాగితం బొమ్మ పట్టుకుని చూస్తోంది. "నాన్నా, రాంగ్ వే లా. ఫ్రంట్ ఫ్లాట్‌గా ఉండాలి" అంది.

"ముందర ఆ సంచి అడ్డమొచ్చింది కదే, అందుకే కుచ్చిళ్ళు కనబడటం లేదు" అన్నాను.

"నో లా. సైడ్స్ చూడు."

"మీ నాన్నకి బట్ట కట్టుకోవడం నువ్వు నేర్పక్కర్లేదు" అంది మా ఆవిడ. తర్వాత నావైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఏవండీ, ఎక్కడైనా కుచ్చిళ్ళు వెనకాల ఉంటాయా, కూర్చుంటే నలిగిపోవూ? అదలా ఉంచండి. లోపల లాగు వేసుకుంటేనే గుమ్మం దాటనిస్తాను."

విందు డిసెంబరు మొదటి శనివారం సాయంత్రం, జురాంగ్ ఈస్ట్‌లోనే ఒక హోటల్ హాల్లో. మా అంతస్తులో లిఫ్ట్ ఆగదు, రెండంతస్తులు మెట్లు దిగాలి. దిగుతుంటే ముందరి కుచ్చిళ్ళు మోకాళ్ళకి తన్నుకుని తెరుచుకుంటున్నాయి. అలవాటుకొద్దీ రెండు చేతులూ కిందికి పోయి, అంచు పట్టుకుని పైకి మడిచి కట్టబోయాయి. పట్టీలు కదలనివ్వలేదు. పొట్ట కింద బకిలు కోసుకుపోతోంది. ఇంటికెళ్ళి విప్పేద్దామా అనిపించింది. గడువుకి ఇంకా నెల కూడా లేదు, కాగితం సంగతి ఎవరూ చెప్పలేదు. అలాగే రైలెక్కాను.

మాకూ జురాంగ్ ఈస్ట్‌కీ మధ్య ఒకటే స్టేషను దూరం. ఆ నాలుగు నిమిషాల్లో నావైపు చూడని కళ్ళు లేవు. దిగి ప్లాట్‌ఫాం మీద బకిలు వదులు చేసుకోవాలని చూస్తుంటే, తువాస్ షిప్‌యార్డుల నుంచి వచ్చినట్టున్నారు, ముగ్గురు కుర్రాళ్ళు నా దగ్గర ఆగారు. అందులో ఒకడు నా మొహం చూసి పోల్చేశాడు.

"అన్నా, తెలుగాయనవే కదా? ఈ లుంగీ ఏంది, కొత్తగున్నది."

ఆఫీసులో ఫంక్షన్ అని చెప్పాను. వాడు గళ్ళ బట్టని కిందికీ పైకీ చూశాడు. ఎగతాళి లేదు, నిజంగానే మనసు పడ్డట్టు చూశాడు.

"మాకైతే రూముల్నే లుంగీ. గేటు దాటాల్నంటే ప్యాంటు తొడగాలె" అన్నాడు. "నిన్ను ఎవరన్న కట్టుకొమ్మన్నరా అన్నా, నీకే కట్టుకోబుద్దైందా?"

రైలొచ్చింది, వాళ్ళు ఎక్కి వెళ్ళిపోయారు. నాకు జవాబు చెప్పే పని తప్పింది. ఆ ప్రశ్న మాత్రం హోటల్ దాకా నా వెనకే వచ్చింది.

హాల్లో ఆయన నన్ను చూడగానే రెండు చేతులూ చాచుకుని వచ్చాడు. నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు. ఆయన కిల్టు ముందరవైపు సాదాగా పలకలా ఉంది, కుచ్చిళ్ళన్నీ వెనక. పైగా బొడ్డు మీదికి కట్టాడు, అంచు సరిగ్గా మోకాలి మధ్యకి. ఎనిమిదేళ్ళ పిల్ల చెప్పింది నిజమన్నమాట. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. కడప అబ్బాయి మాత్రం నవ్వలేదు, పళ్ళెంలోకి చూస్తున్నాడు. ఆ పళ్ళెం కిందికి దూరిపోవాలనిపించింది నాకు.

ఆయన నా భుజం మీద చెయ్యేసి బయట వరండాలోకి తీసుకెళ్ళాడు. మోకాళ్ళ మీద కూర్చుని, "దీన్ని తిప్పుకుందాం, పెద్ద పనేం కాదు" అని బకిళ్ళు వదులు చేయడం మొదలుపెట్టాడు. అవి బిగుసుకుపోయాయి. అంత పెద్ద మనిషి పళ్ళు బిగపట్టి నా నడుము దగ్గర తంటాలు పడుతున్నాడు. నేను బడికి తయారయ్యే పిల్లాడిలా చేతులెత్తుకుని నిలబడ్డాను. పట్టీ వదలగానే, సాయంత్రంనుంచి పట్టనట్టున్న ఊపిరి ఒక్కసారి లోపలికెళ్ళింది. ఆయన బట్టని గుండ్రంగా తిప్పి, పైకి లాగి, మళ్ళీ బిగించి, కూర్చునేటప్పుడు చేత్తో వెనక కుచ్చిళ్ళు ఎలా సర్దుకోవాలో తను చేసి చూపించాడు.

"మా ఊళ్ళో ఎవరూ కట్టరు తెలుసా" అన్నాడు. "పెళ్ళిళ్ళకి అద్దెకి తెచ్చుకుంటారు, అంతే. మా నాన్న చూస్తే నవ్వుతాడు. నేను మొదటిది కొన్నది సింగపూర్ వచ్చాకే, ఇలాంటి చవకదే. ప్రతి ఏడూ అడుగుతాను, ప్రతి ఏడూ ఒక్కడినే కట్టుకుంటాను. ఈసారి ఇద్దరమయ్యాం. నీకు నిజంగా నచ్చిందా?"

ఓకే, నో ప్రాబ్లమ్ అనాల్సిన చోటు అది. ఆ మాట నోట్లోనే ఉంది. కానీ చేతులెత్తుకుని నిలబడ్డ అవమానం, లోపల వినబడ్డ ఆ నవ్వు, ప్లాట్‌ఫాం మీది ప్రశ్న, అన్నీ కలిసి నాకు ఇంట్లో వచ్చే కోపం మొదటిసారి ఆఫీసు మనిషి ముందు వచ్చేసింది.

"నచ్చి కట్టుకోలేదు" అన్నాను. "మీ సంతకం కోసం కట్టుకున్నాను. నా పాస్ అయిపోతోంది. మీరు గుర్రం ఎక్కమన్నా ఎక్కుతాను."

ఆయన లేచి నిలబడ్డాడు. మెడ ఎరుపు మొహం మీదికి పాకింది.

"నీ కాగితం మీద సంతకం పెట్టి పంపేశాను" అన్నాడు. "కిల్టు మాట ఎత్తకముందే. మీ కంపెనీ నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఎందుకు చెప్తారు, భయపడే మనిషి ఇంకో రెండు గంటలు ఎక్కువ పనిచేస్తాడు. నేను సారీ చెప్పాను. ఆయన పర్లేదన్నాడు. ఇద్దరం ఒకేలా కట్టుకుని హాల్లోకి వచ్చాం, విందయ్యేదాకా మళ్ళీ ఆయన నా బల్ల దగ్గరికి రాలేదు.

పాస్ రెండేళ్ళకి పొడిగించారు. మా ఆవిడ పాయసం చేసింది. ఆ ఆదివారం నేను కిల్టు బయటికి తీశాను. ఎందుకు తీశానో తెలియదు. బొడ్డు మీదికి, కుచ్చిళ్ళు వెనక్కి కట్టుకుని, మెట్లు దిగి ఉత్తరాల డబ్బా దాకా వెళ్ళాను. పట్టీ కోయలేదు. కాళ్ళకి గాలి తగులుతోంది, మెట్టు మెట్టుకీ వెనక కుచ్చిళ్ళు ఊగుతున్నాయి. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కింద అమ్మాయి స్నేహితురాళ్ళు నన్ను చూసి, "వా, యువర్ ఫాదర్ సో కూల్" అన్నారు. మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. లుంగీకి మొహం తిప్పుకున్న పిల్ల కిల్టుకి చెయ్యి పట్టుకుందే అని కోపమొచ్చింది. అయినా చెయ్యి వదలలేదు.

సోమవారం ఆయన గదికి వెళ్ళి చెప్పాను. నిన్న కట్టుకున్నాను, నిజంగా నచ్చింది, ఇక ప్రతి ఆదివారం కట్టుకుంటాను అని. ఆయన మర్యాదగా విన్నాడు.

"అలా అనక్కర్లేదు" అన్నాడు. "నీ పాస్‌కి ఏ ఢోకా లేదు."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్టోబరులో ఓకే అని అబద్ధం చెప్పినప్పుడు నమ్మాడు, నిజం చెప్తే నమ్మడు. తప్పు ఆయనది కాదు. ఆయన చేతిలో నా కాగితం ఉన్నన్నాళ్ళూ నేనేం చెప్పినా ఆ కాగితమే మాట్లాడినట్టు ఉంటుంది. బాగుందన్నా అంతే, బాగాలేదన్నా అంతే. ఆఫీసు తలుపులన్నీ నా కార్డుతో తెరుచుకునేవి, ఆయన నా మాట నమ్మే తలుపు ఒక్కటి తెరవడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు. నాలుగు నెలలు అలా గడిచాయి. పని గురించి తప్ప మేము ఇంకేం మాట్లాడుకోలేదు.

ఏప్రిల్‌లో ఆయన్ని వాళ్ళ దేశానికి వెనక్కి పిలిచారు. కొత్త హెడ్డు రెండు వారాల ముందే వచ్చి పక్క గదిలో కూర్చున్నాడు. వచ్చిన మొదటి రోజే అందరూ టై కట్టుకోవాలన్నాడు. ఇక మీదట నా కాగితాలు ఆయన దగ్గరికి వెళ్తాయి.

పాతాయన ఆఖరి రోజు శుక్రవారం. పొద్దున నేను కిల్టు తీస్తుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడింది.

"ఏవండీ, ఇవాళ ఆ కొత్తాయన కూడా ఉంటాడుగా."

"ఉంటాడు."

ఆవిడ దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. చవక బట్ట, ఇస్త్రీ వేడికి మెరుపు తేలిపోతుందని పైన తడిగుడ్డ పరిచి, కుచ్చిళ్ళు ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి పట్టుకుని ఇస్త్రీ చేసింది. చొక్కా, టై, కిల్టు. ఆఫీసు వేళ రైలు, నిలబడే చోటు కూడా లేదు. జురాంగ్ ఈస్ట్‌లో దిగి ఆఫీసు తలుపు దగ్గర కార్డు చూపించి లోపలికెళ్ళాను.

పాతాయన ఒక అట్టపెట్టెలో పుస్తకాలు సర్దుకుంటున్నాడు. నన్ను చూసి చేతిలో పుస్తకం అలాగే పట్టుకుని బయటికొచ్చాడు.

"ఈసారి ఎవరు కట్టుకోమన్నారు?" అన్నాడు.

"ఎవరూ కట్టుకోమనలేదు."

ఆయన నా వెనక్కి వెళ్ళాడు. రైల్లో నలిగిన కుచ్చిలి ఒకటి ఉన్నట్టుంది, దాన్ని వేళ్ళతో కిందికి లాగి సరిచేస్తున్నాడు. అప్పుడే పక్క గది తలుపు తెరుచుకుంది. కొత్తాయన నన్ను కిందినుంచి పైకి చూసి, ఇంటికెళ్ళి మార్చుకుని రమ్మన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

రెండేళ్ళ గడువు వచ్చినప్పుడు ఆ కొత్తాయన సంతకం పెట్టలేదు. కిల్టు వల్లనో, నిజంగానే పని తగ్గిందో నాకిప్పటికీ తెలియదు. మేము హైదరాబాద్ వచ్చేశాం. అమ్మాయి ఒక నెల ఏడ్చి, తర్వాత కొత్త బడిలో ఇంగ్లీషులోనే దెబ్బలాటలు మొదలుపెట్టింది. ఇవన్నీ అవుతాయని ఆ శుక్రవారం నాకు తెలియదు. అవ్వచ్చని మాత్రం తెలుసు.

నోరు తెరిచాను, ఓకే అనడానికి. కడప అబ్బాయి కీబోర్డు చప్పుడు ఆగింది. వెనకాల పాతాయన ఇంకా కుచ్చిలి పట్టుకునే ఉన్నాడు.

"సాయంత్రం మార్చుకుంటాను" అన్నాను.